మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు: వ్రాతప్రతులు ఏం చెబుతున్నాయి?

మార్కు సువార్త 16వ అధ్యాయం చదువుతూ 8వ వచనం దాటగానే ఇటీవలి అనువాదాలు కొన్నింటిలో ఒక గీతో, బ్రాకెట్లో, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక సూచికో కనిపిస్తుంది. అతి ప్రాచీనమైన కొన్ని వ్రాతప్రతుల్లో 9 నుండి 20 వరకు ఉన్న వచనాలు లేవని ఆ సూచిక సారాంశం. చాలామంది విశ్వాసులు దాన్ని గమనించకుండానే ముందుకు సాగుతారు. గమనించినవారికి మాత్రం ప్రశ్నలు మొదలవుతాయి. దేవుని వాక్యంలో తర్వాత చేర్చిన మాటలు ఉన్నాయా? ఎవరు చేర్చారు? లేక ఎవరైనా తీసేశారా? ఇది ఇన్నాళ్లూ మనకెందుకు చెప్పలేదు?

ఈ ప్రశ్నలకు ఇప్పుడు ఫోన్లలో రెండు రకాల జవాబులు తిరుగుతున్నాయి. కొత్త బైబిళ్లు వచనాలను తొలగిస్తున్నాయి, జాగ్రత్త అని ఒకవైపు హెచ్చరికలు. పునరుత్థాన కథ మొత్తం తర్వాత అతికించినదే అని మరోవైపు ఎగతాళి. రెండూ తొందరపాటు మాటలే. ఈ చర్చ నిన్న మొన్న పుట్టింది కాదు. దాదాపు 1,700 సంవత్సరాల క్రితం సంఘ చరిత్రకారుడు యూసేబియస్ దీని గురించి బాహాటంగా రాశాడు. తెలిసిన ఆధారాలను వరుసగా పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ పన్నెండు వచనాల్లో ఏముంది?

8వ వచనం వరకు కథ ఇది. ఆదివారం ఉదయాన్నే ముగ్గురు స్త్రీలు సుగంధ ద్రవ్యాలతో సమాధి దగ్గరికి వస్తారు. రాయి పొర్లించి ఉంటుంది. లోపల తెల్లని వస్త్రం ధరించిన యువకుడు, యేసు లేచాడని, ఇక్కడ లేడని చెబుతాడు. గలిలయలో ఆయనను చూస్తారని శిష్యులకు, పేతురుకు చెప్పమంటాడు. స్త్రీలు వణుకుతూ పారిపోతారు. భయంతో ఎవరికీ ఏమీ చెప్పరు. 8వ వచనం ఇక్కడితో ముగుస్తుంది.

9వ వచనం నుండి వేరే వేగంతో వార్తలు వస్తాయి. యేసు మొదట మగ్దలేనే మరియకు కనబడ్డాడు. తర్వాత పల్లెకు నడిచి వెళ్తున్న ఇద్దరికి కనబడ్డాడు. భోజనానికి కూర్చున్న పదకొండుమందికి కనబడి వారి అవిశ్వాసాన్ని గద్దించాడు. లోకమంతటా సువార్త ప్రకటించమని ఆజ్ఞాపించాడు. నమ్మి బాప్తిస్మం పొందినవారికి రక్షణ కలుగుతుందన్నాడు. నమ్మినవారి ద్వారా ఐదు సూచకక్రియలు జరుగుతాయన్నాడు: దయ్యాలను వెళ్లగొట్టడం, కొత్త భాషలు మాట్లాడడం, పాములను ఎత్తిపట్టుకోవడం, విషం తాగినా హాని కలగకపోవడం, రోగుల మీద చేతులుంచితే స్వస్థత కలగడం. తర్వాత ఆయన పరలోకానికి చేర్చబడి దేవుని కుడిపార్శ్వాన కూర్చున్నాడు. శిష్యులు అన్నిచోట్లా ప్రకటించారు.

ఇందులోని ప్రతి సంఘటనకూ దాదాపుగా మరోచోట జోడు ఉంది. మరియ నుండి ఏడు దయ్యాలు వెళ్లిన సంగతి లూకా 8లో, ఆమెకు ప్రభువు కనబడడం యోహాను 20లో, ఇద్దరు ప్రయాణికుల కథ లూకా 24లోని ఎమ్మాయు దారిలో, ఆరోహణం లూకా 24లోను అపొస్తలుల కార్యములు 1లోను ఉన్నాయి. పాము కరిచినా పౌలుకు హాని కలగని సంఘటన కార్యములు 28లో ఉంది. విషం తాగే మాట ఒక్కదానికే క్రొత్త నిబంధనలో మరెక్కడా సమాంతరం లేదు. ఈ పోలికలే చర్చలో రెండు పక్షాలకూ ఆయుధాలయ్యాయి. ఇతర సువార్తలను చూసి ఎవరో కూర్చిన సంక్షిప్తమిదని ఒకరంటారు. అందరికీ తెలిసిన సంఘటనలనే మార్కు కూడా చెప్పాడు, అందులో వింతేముందని మరొకరంటారు.

రెండు పాత పుస్తకాలు

అపొస్తలుల కాలపు మూలప్రతి ఒక్కటీ మన చేతికి రాలేదు. పపైరస్ మీద, చర్మపత్రాల మీద చేత్తో నకలు చేసిన ప్రతులే మిగిలాయి. మార్కు సువార్తలో చెప్పుకోదగ్గ భాగం ఉన్న అతి పాత పపైరస్ మూడవ శతాబ్దానికి చెందినది, చెస్టర్ బీటీ సేకరణలోనిది. కానీ అందులో 16వ అధ్యాయం మిగల్లేదు. కాబట్టి గ్రీకులో ఈ అధ్యాయానికి సాక్ష్యం నాల్గవ శతాబ్దపు రెండు గొప్ప చర్మపత్ర గ్రంథాలతోనే మొదలవుతుంది.

మొదటిది వాటికన్ గ్రంథాలయంలో ఉన్న వాటికానస్. ఇందులో పేజీకి మూడు నిలువు వరుసలు ఉంటాయి. మార్కు సువార్త రెండవ వరుసలో 8వ వచనంతో ముగుస్తుంది. మామూలుగా ఈ లేఖకుడు ఒక పుస్తకం ముగియగానే పక్క వరుసలో తర్వాతి పుస్తకం మొదలుపెడతాడు. ఇక్కడ మాత్రం మూడవ వరుసను పూర్తిగా ఖాళీగా వదిలి, లూకాను తర్వాతి పేజీలో మొదలుపెట్టాడు. క్రొత్త నిబంధన భాగంలో ఇలాంటి ఖాళీ వరుస ఇదొక్కటే. పొడవైన ముగింపు ఒకటుందని లేఖకుడికి తెలుసు, తన ముందున్న ప్రతిలో లేదు గనుక చోటు వదిలాడు అని చాలామంది ఊహిస్తారు. ఆ చోటులో పన్నెండు వచనాలు మామూలు అక్షరాల్లో పట్టవు, కాబట్టి ఖాళీకి వేరే కారణం ఉండాలని మరికొందరంటారు.

రెండవది సినాయిటికస్. సీనాయి కొండ దిగువనున్న సెయింట్ కేథరిన్ మఠంలో 1844లో, మళ్లీ 1859లో జర్మన్ పండితుడు టిషెండార్ఫ్ దీని పుటలను చూశాడు. గ్రంథంలో ఎక్కువ భాగం రష్యాకు చేరింది. 1933లో సోవియట్ ప్రభుత్వం నుండి లక్ష పౌండ్లకు బ్రిటన్ కొన్నది. ఇందులోనూ మార్కు 8వ వచనంతో ముగుస్తుంది, కింద ముగింపు అలంకారం కూడా గీసి ఉంది. ఒక విచిత్రం ఏమిటంటే, మార్కు చివర, లూకా మొదలు ఉన్న ఆ జంట పుటను మొదటి లేఖకుడు కాక మరొకరు తిరిగి రాసి పెట్టారు. తీసేసిన పాత పుటలో ఏముందో చూసే వీలు లేదు. పొడవైన ముగింపు ఉండేదని కొందరు వాదించారు. అక్షరాల లెక్క వేసినవారు ఎక్కువమంది, అంత చోటు అక్కడ ఉండదని తేల్చారు.

ఈ రెండింటికీ తోడుగా అనువాదాల సాక్ష్యం ఉంది. 1892లో ఆగ్నెస్ స్మిత్ లూయిస్ అనే స్కాట్లాండ్ విదుషి అదే సీనాయి మఠంలో ఒక సిరియాక్ వ్రాతప్రతిని కనుగొన్నది. పాత అక్షరాలను గీకేసి వాటిపై పరిశుద్ధ స్త్రీల జీవిత కథలు రాశారు. కింద మసకగా మిగిలిన పాత అక్షరాలు సువార్తలు. అందులో కూడా మార్కు 8వ వచనంతోనే ఆగుతుంది. పాత ఆర్మేనియన్ ప్రతులు అనేకం, 897 నాటి జార్జియన్ ప్రతి కూడా అంతే.

మిగతా ప్రతులన్నీ?

ఇక్కడ తక్కెడ రెండవ పళ్లెం కూడా చూడాలి. మార్కు 16 ఉన్న గ్రీకు వ్రాతప్రతుల్లో నూటికి 99కి పైగా ఈ పన్నెండు వచనాలు ఉన్నాయి. సంఖ్యలో చెప్పాలంటే సుమారు 1,600. ఐదవ శతాబ్దపు అలెగ్జాండ్రినస్, బెజే గ్రంథాలు వాటిలో ఉన్నాయి. 8వ వచనం దగ్గర ఆగిపోయే గ్రీకు ప్రతులుగా సాధారణంగా చెప్పేవి మూడే: పై రెండూ, పన్నెండవ శతాబ్దపు మరొక ప్రతీ.

అలాగని తలలు లెక్కపెట్టి తీర్పు చెప్పడం కుదరదు. ఒక తప్పు కాగితం నుండి వెయ్యి జిరాక్సులు తీస్తే ఆ తప్పు వెయ్యి సాక్ష్యాలు కాదు. పాఠ పరిశోధకులు ప్రతుల వయసు, వంశం, అవి దొరికిన ప్రాంతాలు అన్నీ చూస్తారు. మరోవైపు, పాతదైనంత మాత్రాన ప్రతీదీ సరైనదనీ చెప్పలేం. పాత ప్రతిలోనూ లేఖకుడు పొరబడవచ్చు.

ముగింపులు రెండే అనుకుంటే పొరపాటు. ఇటలీలోని ట్యూరిన్‌లో ఉన్న బోబియెన్సిస్ అనే పాత లాటిన్ ప్రతిలో 8వ వచనం తర్వాత ఒక పొట్టి ముగింపు మాత్రమే ఉంది. స్త్రీలు పేతురుకు, అతనితో ఉన్నవారికి సంగతులన్నీ క్లుప్తంగా చెప్పారని, తర్వాత యేసే వారి ద్వారా తూర్పు నుండి పడమర వరకు రక్షణ సందేశాన్ని పంపాడని దాని భావం. కొన్ని గ్రీకు ప్రతులు ఈ పొట్టి ముగింపునూ, దాని తర్వాత పొడవైన ముగింపునూ రెండింటినీ ఇస్తాయి. ఎనిమిదవ శతాబ్దపు ఒక ప్రతిలోనైతే లేఖకుడు నిజాయితీగా మధ్యలో వివరణ రాసి మరీ రెండూ చూపించాడు. అమెరికా వర్తకుడు చార్లెస్ లాంగ్ ఫ్రీర్ 1906లో ఈజిప్టులో కొన్న సువార్తల ప్రతి ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. అందులో పొడవైన ముగింపులోనే 14వ వచనం తర్వాత శిష్యులకూ ప్రభువుకూ మధ్య సంభాషణ ఒకటి అదనంగా ఉంది. ఇలాంటి పాఠం గ్రీకు ప్రతుల్లో ఉందని జెరోమ్ ముందే రాశాడు.

ఇన్ని రకాల ముగింపులు ఎందుకు పుట్టాయి? 8వ వచనం దగ్గర ఆగిపోయిన ప్రతులు వేర్వేరు ప్రాంతాల్లో ఉండేవి, అక్కడ ఆగడం చదువరులకు వెలితిగా అనిపించింది అన్నది చాలామంది పండితుల జవాబు. పన్నెండు వచనాలు మొదటి నుండీ అన్నిచోట్లా ఉండి ఉంటే పొట్టి ముగింపు అవసరం ఎవరికి వచ్చేది? ఈ ప్రశ్నకు పొడవైన ముగింపును సమర్థించేవారు జవాబు చెప్పుకోవలసి ఉంది.

సంఘ పితరుల సాక్ష్యం

వ్రాతప్రతుల కంటే పాత సాక్ష్యం సంఘ పితరుల రచనల్లో ఉంది. ఇది పొడవైన ముగింపు పక్షాన బలమైన ఆధారం. సుమారు 180లో గాల్ దేశపు లియోన్‌లో అధ్యక్షుడిగా ఉన్న ఐరేనియస్, మార్కు తన సువార్త చివరలో రాశాడని చెప్పి 19వ వచనాన్ని ఉదహరించాడు. అంతకు ముందే, సుమారు 170లో, నాలుగు సువార్తలను ఒకే కథగా అల్లిన టాటియన్ ఈ వచనాలను వాడుకున్నాడు. అతని గురువు జస్టిన్ మార్టర్ రచనలో కూడా 20వ వచనం ఛాయ ఉందని కొందరంటారు. అంటే వాటికానస్, సినాయిటికస్ రాయడానికి 150 సంవత్సరాలకు ముందే ఈ వచనాలు మార్కు సువార్తలో భాగంగా చదవబడుతున్నాయి. మధ్యయుగంలో ఎవరో సన్యాసి చేర్చాడన్న మాట పూర్తిగా తప్పు.

నాల్గవ శతాబ్దంలో మారినస్ అనే వ్యక్తి యూసేబియస్‌కు ఒక సందేహం పంపాడు. మత్తయి ప్రకారం విశ్రాంతిదినం చివర జరిగినట్టున్న పునరుత్థానం, మార్కు 16:9 ప్రకారం ఆదివారం ఉదయం జరిగినట్టుంది, ఎలా పొసగుతుంది అని. యూసేబియస్ రెండు దారులు చూపించాడు. ఖచ్చితమైన ప్రతుల్లో మార్కు స్త్రీల భయంతో ముగుస్తుంది, తర్వాతి మాటలు కొన్ని ప్రతుల్లోనే ఉన్నాయి గనుక వాటిని పక్కన పెట్టవచ్చన్నది ఒకటి. రెండింటినీ అంగీకరించి, వాక్యంలో విరామం సరైన చోట పెట్టి చదివితే వైరుధ్యం పోతుందన్నది రెండవది. వచనాలను అంగీకరించేవారికి కూడా ఆయన దారి చూపించాడన్నది గమనించాలి. సువార్తల్లో సమాంతర భాగాలు వెతకడానికి ఆయన తయారుచేసిన పట్టికల్లో మాత్రం మార్కు లెక్క మొదట 8వ వచనంతోనే ఆగింది.

జెరోమ్ కథ ఇంకా ఆసక్తికరం. హెదిబియా అనే స్త్రీకి రాసిన ఉత్తరంలో, ఇంచుమించు గ్రీకు ప్రతులన్నింటిలోనూ ఈ భాగం లేదన్నాడు. కానీ తాను సరిదిద్దిన లాటిన్ సువార్తల్లో ఆ పన్నెండు వచనాలను ఉంచాడు. సందేహం తెలిసి కూడా, సంఘం చదువుకుంటున్న భాగాన్ని తీసివేయలేదు. ఉత్తరంలోని మాటలు చాలావరకు యూసేబియస్ నుండి తీసుకున్నవేనని, జెరోమ్ సొంతంగా ప్రతులు లెక్కించలేదని కొందరు ఆక్షేపిస్తారు. ఆ ఆక్షేపణలో బలం ఉంది.

భాష ఏం చెబుతుంది?

ప్రతులను పక్కన పెట్టి వచనాలనే చదివినా కొన్ని అతుకులు కనిపిస్తాయి. 8వ వచనంలో కర్త స్త్రీలు. 9వ వచనంలో హఠాత్తుగా యేసు కర్త అవుతాడు, అయితే గ్రీకు ప్రతులు ఎక్కువవాటిలో ఆయన పేరు అక్కడ లేదు. అంతకు ముందే మూడుసార్లు ప్రస్తావించిన మగ్దలేనే మరియను ఇప్పుడే కొత్తగా పరిచయం చేస్తున్నట్టు, ఆమె నుండి ఏడు దయ్యాలు వెళ్లిన సంగతి చెబుతారు. ఆమెతో ఉన్న మిగతా ఇద్దరు స్త్రీలు మాయమవుతారు. గలిలయలో కనబడతానన్న మాట 14:28లోను 16:7లోను ఉంది, కానీ చివరి వచనాల్లో గలిలయ పేరే రాదు. మార్కు మరెక్కడా వాడని మాటలూ కొన్ని వస్తాయి.

భాష మీద వాదనను జాగ్రత్తగా వాడాలని అమెరికా బాప్టిస్టు పండితుడు జాన్ బ్రాడస్ 1869లోనే హెచ్చరించాడు. ఎవరికీ సందేహం లేని ముందు పన్నెండు వచనాలను తీసుకొని అదే పరీక్ష పెడితే, వాటిలోనూ మార్కు మరోచోట వాడని మాటలు దాదాపు అన్నే కనిపిస్తాయని చూపించాడు. పన్నెండు వచనాలు శైలిని కొలవడానికి చాలా చిన్న ముక్క. కాబట్టి విడి మాటల లెక్క కంటే 8, 9 వచనాల మధ్య అతుకే బలమైన ఆధారమని ఇప్పుడు ఎక్కువమంది భావిస్తారు.

భయంతో ఒక సువార్త ముగుస్తుందా?

9-20 వచనాలు మార్కువి కావంటే మరో ప్రశ్న వస్తుంది. మరి మార్కు ఎక్కడ ముగించాడు? 8వ వచనం గ్రీకులో 'గార్' అనే చిన్న మాటతో ఆగుతుంది. అది కారణాన్ని చెప్పే మాట. తెలుగులో 'ఎవరికీ ఏమీ చెప్పలేదు, భయపడ్డారు గనుక' అని పుస్తకం మూసేసినట్టు ఉంటుంది. పుస్తకాన్ని ఎవరైనా ఇలా ముగిస్తారా అని పండితులు చాలాకాలం వాదించుకున్నారు. 1972లో డచ్ పండితుడు పీటర్ వాన్ డెర్ హోర్స్ట్, తత్వవేత్త ప్లోటినస్ గ్రంథమొకటి ఇదే మాటతో ముగుస్తుందని చూపించాడు. పాత నిబంధన గ్రీకు అనువాదంలో ఆదికాండము 18:15 చూడండి. తాను నవ్వలేదని శారా బొంకడానికి కారణం చెప్పే వాక్యం కూడా సరిగ్గా ఇలాగే, భయపడిందన్న క్రియతోనూ 'గార్' తోనూ ఆగుతుంది. కాబట్టి వ్యాకరణం అడ్డు కాదు.

అయినా అభిప్రాయాలు మూడుగా చీలాయి.

మొదటిది, పన్నెండు వచనాలూ మార్కువే అన్నది. 1871లో ఇంగ్లండుకు చెందిన జాన్ బర్గన్ దీని కోసం ఒక పుస్తకమే రాశాడు. 2014లో నికొలస్ లన్ అదే వాదాన్ని కొత్త ఆధారాలతో నిలబెట్టాడు. ఈ పక్షం ఇప్పుడు చిన్నదే కానీ అంతరించలేదు.

రెండవది, మార్కు కావాలనే 8వ వచనంతో ముగించాడన్నది. శిష్యుల భయం, అర్థం చేసుకోలేకపోవడం ఈ సువార్త అంతటా కనిపిస్తాయి. చివర స్త్రీలు కూడా మౌనంగా పారిపోతే, ఆ వార్త చెప్పే బాధ్యత చదువరి మీద పడుతుంది. మొదట విన్న సంఘం చేతుల్లోకి కథను వదిలిపెట్టడమే రచయిత ఉద్దేశమని ఈ పక్షం అంటుంది. గడచిన తరంలో ఇది బాగా బలపడింది.

మూడవది, అసలు ముగింపు పోయిందన్నది, లేదా మార్కు పూర్తి చేయలేకపోయాడన్నది. గలిలయలో కనబడతాడని రెండుసార్లు చెప్పిన రచయిత ఆ దృశ్యాన్ని రాయకుండా ఉంటాడా అన్నది వీరి ప్రశ్న. 1881లో గ్రీకు క్రొత్త నిబంధనను ప్రచురించిన వెస్ట్‌కాట్, హోర్ట్ 8వ వచనంతో ముగించడం మార్కు ఉద్దేశం కాదనే అనుకున్నారు. మన కాలంలో ఎన్.టి. రైట్ ఈ వైపు మొగ్గాడు.

మరి పన్నెండు వచనాలు ఎవరివి? 989 నాటి ఒక ఆర్మేనియన్ ప్రతిలో ఈ భాగం పైన పెద్ద అరిస్టన్ పేరు ఉందని 1891లో ఫ్రెడరిక్ కానీబేర్ గమనించాడు. రెండవ శతాబ్దపు పపియాస్ పేర్కొన్న అరిస్టియోన్ ఇతడేనా అన్న ఆశ కలిగింది. కానీ అంత ఆలస్యమైన ఏకైక సాక్ష్యం మీద ఎక్కువమంది నమ్మకం పెట్టుకోలేదు. 2000లో ప్రచురించిన విస్తృత పరిశోధనలో జేమ్స్ కెల్‌హోఫర్, నాలుగు సువార్తలూ తెలిసిన ఒక క్రైస్తవుడు సుమారు 120-150 మధ్య దీన్ని రాశాడని అభిప్రాయపడ్డాడు. అదే నిజమైనా ఇది రెండవ శతాబ్దపు తొలి సంఘం పునరుత్థానాన్ని ఎలా ఒప్పుకున్నదో తెలిపే అమూల్యమైన పత్రం.

తెలుగు బైబిలు సంగతి

తెలుగులో అచ్చయిన తొలి సువార్తల్లో మార్కు ఒకటి. విశాఖపట్నంలో పనిచేసిన అగస్టస్ డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ సాయంతో చేసిన మత్తయి, మార్కు, లూకా అనువాదాలు 1812లో శ్రీరాంపూర్ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. 1818లో సంపూర్ణ క్రొత్త నిబంధన వచ్చింది. అప్పటికి టిషెండార్ఫ్ సీనాయి కొండ ఎక్కలేదు, వాటికానస్ పాఠం పూర్తిగా అచ్చు కాలేదు. ఆ తరం మిషనరీలకు సాధారణంగా అందుబాటులో ఉన్న గ్రీకు పాఠం 1516లో ఎరాస్మస్ ముద్రించినదాని సంతతి. అందులో ఈ వచనాలు ఎలాంటి గుర్తూ లేకుండా ఉన్నాయి. మన పెద్దలు మనకేదో దాచిపెట్టారన్న మాటకు అందుకే ఆధారం లేదు. వారి చేతికి అందిన పాఠాన్ని వారు నమ్మకంగా తెలుగు చేశారు.

ఇప్పటి అనువాదకులు సూచిక పెట్టడం కూడా తొలగించడం కాదు. ఇంగ్లిషులో రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ 1946లో ఈ వచనాలను పేజీ అడుగుకు దించింది. 1971లో మళ్లీ పాఠంలోకే తెచ్చి, వివరణ జతచేసింది. అంతర్జాతీయంగా అనువాదకులు వాడే బైబిలు సొసైటీల గ్రీకు పాఠం జంట బ్రాకెట్లలో వీటిని ముద్రిస్తుంది. మొదటి పాఠంలో భాగం కాకపోయినా అతి ప్రాచీనమైనవి, ముఖ్యమైనవి అని ఆ గుర్తుకు అర్థం.

మార్కు రాయకపోతే లేఖనం కాదా?

ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఎవరు రాశారన్నది చరిత్ర ప్రశ్న. సంఘం దేన్ని లేఖనంగా చదువుతుందన్నది మరొకటి. ద్వితీయోపదేశకాండం చివర మోషే మరణం గురించి ఉన్న మాటలు మోషే రాయలేదని ఎందరో పాత వ్యాఖ్యాతలే ఒప్పుకున్నారు, అయినా వాటిని లేఖనంగానే చదివారు. కతోలిక సంఘం 1546లో ట్రెంట్ సభలో గ్రంథాలను వాటి భాగాలన్నింటితో కలిపి స్వీకరించింది. ఏప్రిల్ 25న మార్కు పండుగనాడు కతోలిక ఆలయాల్లో చదివే సువార్త భాగం ఈ వచనాల్లోనిదే. ఆర్థడాక్సు సంఘాల్లో ఆదివారం ఉదయ ఆరాధనకు నిర్ణయించిన పదకొండు పునరుత్థాన పాఠాల్లో ఇదొకటి. ప్రొటెస్టెంటులలో అభిప్రాయభేదం ఉంది. కొందరు దీన్ని లేఖనంగానే ప్రసంగిస్తారు. మూలపాఠమే ప్రమాణం గనుక దీన్ని చదివినా సిద్ధాంతానికి ఆధారం చేయకూడదని కొందరంటారు.

విశ్వాసానికి ఏమైనా లోటు వస్తుందా అన్నది అసలు భయం. పునరుత్థాన ప్రకటన 16:6లోనే ఉంది, ఆ వచనం మీద ఏ వ్రాతప్రతిలోనూ వివాదం లేదు. ప్రభువు ఎవరెవరికి కనబడ్డాడో పౌలు 1 కొరింథీయులకు 15లో వరుసగా చెప్పాడు. ఆ పత్రిక 50ల మధ్యలో రాసినది, మార్కు సువార్తకు కూడా ముందుదని పండితులు ఎక్కువమంది అంగీకరిస్తారు. సువార్త ప్రకటన ఆజ్ఞ మత్తయి 28లో, ఆరోహణం లూకాలో, రోగుల కోసం ప్రార్థన యాకోబు 5లో ఉన్నాయి. పునరుత్థానం ఆ పన్నెండు వచనాల మీదే నిలబడి ఉందన్న ఎగతాళికి ఇదే జవాబు.

జాగ్రత్త పడవలసిన చోటు పాములు, విషం గురించిన 18వ వచనం. అమెరికాలోని అపలాచియన్ కొండ ప్రాంతంలో 1910 ప్రాంతం నుండి కొన్ని చిన్న సంఘాలు ఈ మాటను ఆజ్ఞగా తీసుకొని ఆరాధనలో విషసర్పాలను చేతపట్టడం మొదలుపెట్టాయి. ఆ ఆచారాన్ని ప్రచారం చేసిన జార్జ్ వెంట్ హెన్స్లీ 1955లో ఫ్లోరిడాలో పాము కాటుతోనే చనిపోయాడు. ఆ తర్వాతా మరణాలు జరిగాయి. ఈ వచనం మార్కుదే అనుకున్నా, అది వాగ్దానమే కానీ ఆజ్ఞ కాదు. పౌలు పామును వెతుక్కుంటూ వెళ్లలేదు, కట్టెల్లోంచి అదే వచ్చి పట్టుకుంది. ఇంత వివాదం ఉన్న వచనాన్ని ఆధారం చేసుకొని మందులు మానెయ్యమనో, పాము కాటుకు ఆసుపత్రి వద్దనో బోధించేవారు సంఘాన్ని ప్రాణాపాయంలోకి నెడుతున్నారు. పాములు తిరిగే పొలాల్లో పనిచేసే విశ్వాసులున్న మన పల్లె సంఘాల్లో ఈ మాట గట్టిగానే చెప్పాలి.

బాప్తిస్మం గురించి 16వ వచనం మీద కూడా ఇలాంటి వాదాలున్నాయి. బాప్తిస్మం లేకపోతే రక్షణ లేదా అన్న చర్చలో ఈ ఒక్క వచనాన్నే ముందు పెట్టేవారు, దాని రెండవ సగం శిక్షను అవిశ్వాసానికే ముడిపెట్టిందని గమనించాలి. ఆ చర్చకు రోమీయులకు 6, కార్యములు 2 లాంటి వివాదం లేని భాగాలు పునాది కావాలి.

సేవకులకు ఒక సూచన

యోహాను సువార్తలో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ కూడా ఇలాంటి సూచికతోనే ముద్రిస్తున్నారు. క్రొత్త నిబంధనలో ఇంత పెద్ద భాగాల మీద వివాదం ఈ రెండు చోట్లే ఉంది. మిగతా పాఠాంతరాలు ఎక్కువగా ఒక మాటకో, ఒక వాక్యానికో సంబంధించినవి. సూచికలను సంఘం నుండి దాచి, రేపు కాలేజీలోనో ఫోన్లోనో పిల్లలు మొదటిసారి వినేలా చేయడం కంటే, బైబిలు అధ్యయనంలో మనమే తెరిచి చూపించడం మేలు. రెండు వారాలు కేటాయిస్తే చాలు. మొదటి వారం 16:1-8 మాత్రమే చదివి, అక్కడే ఆపి, స్త్రీల భయం గురించి మాట్లాడండి. రెండవ వారం 9-20 చదివి, ఒక్కో వచనానికి ఇతర సువార్తల్లో, కార్యములలో ఉన్న జోడును సంఘం చేతే వెతికించండి. విషం మాటకు జోడు దొరకదు. అది ఎందుకు దొరకలేదో అప్పుడు వారే అడుగుతారు.